కుందేలుకు బదులు వదిన

మా బాత్రూమ్ అరలో మూడు రకాల కుందేళ్ళు ఉండేవి. ఒకటి గెంతుతూ ఉండేది. ఒకదానికి చెవులు తప్ప ఒళ్ళు లేదు. మూడోది ఆకుల మధ్య కూర్చుని మనకేసి అనుమానంగా చూసేది. గెంతేది షాంపూ మీద, చెవులది కాటుక డబ్బా మీద, అనుమానంది మావారి గడ్డం క్రీము మీద. ఇంటర్ రెండో సంవత్సరం చదివే మా అమ్మాయి ఆమని ఒక ఆదివారం పొద్దున వాటన్నిటినీ బకెట్లో వేసుకుని హాల్లోకి తెచ్చింది.

"అమ్మా, వీటిలో ఏ కుందేలు నిజంది?"

నేను బీఎస్సీ బోటనీ. కుందేళ్ళు నా సబ్జెక్టు కాదు. ఆ మాటే అన్నాను.

"జోకులొద్దు. షాంపూ మండుతుందో లేదో చూడ్డానికి కుందేళ్ళ కళ్ళలో చుక్కలు వేసేవాళ్ళట, తెలుసా నీకు? ఇక నుంచి ఏ జీవినీ ఏడిపించని సరుకైతేనే నేను ముఖానికి రాసుకునేది. నువ్వు కనుక్కుని చెప్పు."

వంకాయ కూరలో ఎండురొయ్యలు ఆ ఒట్టులోకి రావట. అడిగితే అది తిండి, ఇది అలంకారం అంది. సరేనని ఊరుకున్నాను. విశాఖపట్నంలో పుట్టిన పిల్లని రొయ్యల దగ్గర నిలదీయకూడదు.

వారం రోజులు వెతికాను. ఒకచోట మంచి కంపెనీ అని రాసిన దాన్నే ఇంకోచోట చెడ్డ కంపెనీ అని రాశారు. పిల్ల కంపెనీ పరీక్షలు చెయ్యదట, దాని తల్లి కంపెనీ చేస్తుందట. ఈ దేశంలో చెయ్యదట, పక్క దేశంలో చేస్తుందట. చివరికి కాటుక డబ్బా మీదున్న నంబరుకే ఫోన్ చేశాను.

"మా కాటుకని జంతువుల మీద పరీక్షించం మేడమ్," అంది ఓ తియ్యటి గొంతు.

"అందులో వేసే సరుకుల్ని?"

"అది మాకు సరుకిచ్చేవాళ్ళు చూసుకుంటారు మేడమ్."

"వాళ్ళు పరీక్షిస్తారా?"

"మాకు చెప్పలేదు మేడమ్."

"మీరడిగారా?"

"లైన్లో ఉండండి మేడమ్."

పావుగంట సన్నాయి వినిపించారు. మళ్ళీ వచ్చాక, "మరి డబ్బా మీద ఆ కుందేలు చెవులేమిటమ్మా?" అన్నాను.

"అది డిజైన్ మేడమ్," అంది.

ఆ పిల్ల తప్పేం లేదు. ఆ వారం మొత్తంలో నాకు సూటిగా నిజం చెప్పింది ఆవిడొక్కతే.

ఆ తర్వాతి ఆదివారం మా ఆడపడుచు రోహిణి భోజనానికొచ్చింది. ఆనందపురం దాటాక ఉన్న ఓ ల్యాబ్‌కి ఆవిడే పెద్ద. మనుషుల చర్మాన్ని గాజుపళ్ళేల్లో పెంచడం వాళ్ళ పని. ఆమని తన కుందేళ్ళ కథంతా చెప్పి, "అత్తా, నువ్వైనా చెప్పు," అంది.

"ఆ బొమ్మలతో నీకేం పనే? మా కరుణముద్ర ఉన్నవి వాడు," అంది రోహిణి పప్పు కలుపుకుంటూ. "కుందేలు లేదు, ఎలుక లేదు. సీసాలోకి వెళ్ళే ప్రతి సరుకునీ విడివిడిగా చూస్తాం. అన్నీ మీ అమ్మ మీదే చేస్తాం."

ఆమని ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది.

చెప్పవలసిన విషయమే, చెప్పడం మర్చిపోయాను. మా ఇంట్లో అందరికన్నా ముందు అలిగేది నా చర్మం. కొత్త చీర గంజికి దద్దురు, కొత్త సబ్బుకి దురద, మావారి పెర్ఫ్యూమ్‌కి పక్కగదిలో ఉన్నా మంట. రోహిణి మూడేళ్ళ కిందట మా డైనింగ్ టేబుల్ దగ్గరే నా జబ్బ వెనక నించి కందిగింజంత చర్మం తీసుకెళ్ళింది. దాన్ని నాలుగు వందల ముక్కలుగా పెంచింది. ఒక్కో ముక్క రూపాయి బిళ్ళంత. వాటిలోకి నరాల పోగులు కూడా ఎక్కించింది. ముక్క మీద ఓ చుక్క వేస్తే, అది మండే సరుకైతే, తెర మీద పచ్చగీత లేస్తుంది. గీత లేస్తే ఆ సరుకు పనికిరాదు, లేవకపోతే పనికొస్తుంది. అంతకుముందు ఎవరు పెంచిన చర్మానికీ మంట సంగతి చెప్పడం చేతకాలేదట. నాది చెప్పింది. చెప్పడం మానకపోవడమే దాని గుణం.

ల్యాబ్‌లో దానికేదో పెద్ద పేరు పెట్టారు. కానీ రోహిణి మొదటి రోజే "వదిన ముక్క పట్రండి" అనేసరికి అక్కడివాళ్ళందరికీ అది వదినైపోయింది. "వదిన రెండు వందల ఏడుకి కండిషనర్ వేశారా?" అంటే "వేశాం మేడమ్, ఒప్పుకోలేదు," అంటారట. ఆ కండిషనర్ వెనక్కి వెళ్ళిపోతుంది. పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో నేను ఒప్పుకోలేదన్న మాటకి ఇంత విలువ ఎక్కడా చూడలేదు.

"అమ్మ మీద చేసినవి నేను రాసుకోను," అంది ఆమని.

"అమ్మ మీద కాదే పిచ్చిదానా, అమ్మ ముక్క మీద. దానికి మెదడు లేదు. మెదడు లేనిదే నొప్పి లేదు."

ఆమని నాకేసి తిరిగింది. "నీకు నొప్పి వేస్తోందా?"

"నాకేం లేదు. హాయిగా ఉన్నాను," అన్నాను.

నిజమే చెప్పాను. ఆ పూటకి అది నిజం. వెబ్‌సైట్లు, ఫోన్లు, కుందేళ్ళు తేల్చలేని విషయం నా ఒక్క మాటతో తేలిపోయింది. ఆమని పెరుగన్నం కూడా తిని లేచింది.

నెల తిరిగేసరికి రోహిణి ఫోన్ చేసింది. "వదినా, ఓసారి ల్యాబ్‌కి రాగలవా? అన్నయ్యకి చెప్పకు."

వెళ్ళాను. తొమ్మిదికి పది నిమిషాలుంది. గాజుతలుపు వెనక వరసగా ట్రేలు, వాటిలో గాజుపళ్ళేలు, ఒక్కోదాంట్లో లేతగోధుమ రంగు బిళ్ళ. ఒకదాని మీద చిన్న పుట్టుమచ్చ కూడా తేలింది. నాకు మెడ మీద ఉన్నలాంటిదే. పలకరించాలో వద్దో తెలీలేదు.

"చూస్తూ ఉండు," అంది రోహిణి.

తొమ్మిదయింది. పైన ఉన్న మరచెయ్యి చుక్కలు వేసే గొట్టం పట్టుకుని బయల్దేరింది. ఇంకా మొదటి ట్రే దగ్గరికి రాలేదు, చుక్క పడలేదు. తెర మీద పచ్చగీతలన్నీ ఒక్కసారే లేచాయి.

"ఇంకా వెయ్యలేదు కదా?"

"అదే మరి. పది రోజుల నించీ ఇంతే. కొత్త ముక్కలు మామూలుగానే ఉంటున్నాయి. నెల దాటినవే ఇలా. మరచెయ్యి కదిలితే ట్రే అదురుతుంది. ఆ అదురు వెనకాలే మంట వస్తుందని వాటికి..."

"తెలిసిపోయింది."

"తెలిసింది అనకు! తెలియడానికి మెదడుండాలి."

"మరేమనాలి?"

"అదే తెలీటం లేదు. అందుకే పిలిచాను."

"నెల దాటినవాటిని ఏం చేస్తారు?"

"నలభై రోజులకి పని అయిపోతుంది. ఆ మూల అరలో పెట్టి, శుక్రవారం ఆవిరిపెట్టెలో వేస్తాం. మన కుక్కర్‌లాంటిదే."

"ఎన్ని విజిల్స్?" అన్నాను. నవ్వుతుందనుకున్నాను. ముఖం తిప్పుకుంది.

ఏటా నేనొక కాగితం మీద సంతకం చేస్తాను, నా చర్మం వాడుకోవచ్చని. ఈ ఏడాది సంతకం వచ్చే నెలలో ఉంది. అది లేకపోతే వదిన ముక్కలు లేవు, కరుణముద్ర లేదు, రోహిణి పదేళ్ళ కష్టం లేదు. ఆవిడ ఆ సంగతి ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మా ఇంట్లో ముఖ్యమైన విషయాలన్నీ ఇలాగే మాట్లాడుకుంటాం.

ఆ మర్నాడు ఇంట్లో తొమ్మిదయ్యేసరికి జబ్బ వెనక దురద పుట్టింది. కందిగింజంత మచ్చ దగ్గరే. మూడేళ్ళు లేని దురద. తెలియకముందు లేదు, తెలిశాక ఉంది. దీన్ని సైన్సు అంటారో చాదస్తం అంటారో నాకు తెలీలేదు. బోటనీలో ఈ పాఠం లేదు.

రోహిణికి టిఫిన్ క్యారేజీ ఇచ్చే వంకతో ఎనిమిదిన్నరకల్లా ల్యాబ్‌కి వెళ్ళడం మొదలుపెట్టాను. మూల అర దగ్గర కూర్చుంటానంటే ఒప్పుకుంది. "అవెలాగూ పోయేవేలే, చేతులకి తొడుగులేసుకో," అంది. శుక్రవారానికి నలభై ముక్కలు వెయిటింగులో ఉన్నాయి. నాకేం చెయ్యాలో తోచలేదు. పసిపిల్ల ఉలిక్కిపడితే ఆడదానికి తోచేది ఒకటే కదా. తొడుగేసుకున్న వేళ్ళ కొసలతో ట్రే అంచు మీద మెల్లిగా జోకొట్టాను. ఆమనిని పడుకోబెట్టిన వరసే. రెండు నెమ్మదిగా, ఒకటి ఆగి.

మూల అరకి తీగలు లేవు, తెర లేదు. వాటికేమైనా తెలిసిందో లేదో నాకు తెలిసే దారి లేదు. దారి ఉన్నది పక్కనే. పరీక్షల ట్రేలు. ఏడుస్తున్న పిల్లలు పక్కపక్కనే ఉంటే ఒక్కదానికే జోకొట్టి లేచిపోతామా? రోహిణి కాఫీ తాగడానికి వెళ్ళినప్పుడు వాటి దగ్గరికి కూడా వెళ్ళాను.

మొదటి రెండు రోజులు గీతలు అలాగే లేచాయి. మూడో రోజు కాస్త తక్కువ లేచాయి. అయిదో రోజు మరచెయ్యి వచ్చినా లేవలేదు.

"వదినా!" రోహిణి పరుగెత్తుకొచ్చింది. "రబ్బరు పనిచేసిందే! ట్రేల కింద నిన్న రబ్బరు ముక్కలు పెట్టించాను. అదురు లేదు, గీత లేదు. చూశావా, మెదడూ లేదు గాడిదగుడ్డూ లేదు. వట్టి అదురు!"

ఆవిడ ముఖంలో పదిహేను రోజుల తర్వాత నవ్వు కనబడింది. రబ్బరు పనిచేసిందో నా వేళ్ళు పనిచేశాయో నాకు మాత్రం ఎలా తెలుసు? నిజం చెప్పాలంటే నాకూ రబ్బరే అయితే బావుండుననిపించింది. నోరు మూసుకున్నాను. కాని జోకొట్టడం మానలేదు. ఎనిమిది రోజులు వెళ్ళాను.

ఆ శనివారం రోహిణి ఒక ట్యూబు తెచ్చి ఆమని చేతిలో పెట్టింది. ఫేస్‌వాష్. ఇంకా బజార్లోకి రాలేదు. మూత మీద కరుణముద్ర, కుందేలు లేదు. "ఈ వారమే పాసయింది. నీకే మొదటిది," అంది. ఆమని దాన్ని దేవుడి పటం దగ్గర పెట్టి మరీ తీసుకుంది.

సోమవారం పొద్దున బాత్రూమ్‌లోంచి కేక వినబడింది.

బుగ్గలు రెండూ ఎర్రగా కాలినట్టున్నాయి. పెదవి పక్కన నీటిబుడగలు. డాక్టరుగారు ట్యూబు వాసన చూసి, "దీన్ని ఎవరు పాస్ చేశారండీ?" అన్నారు. నేనే పాస్ చేశానని చెప్పడానికి నోరు రాలేదు. మచ్చలు పడకపోవచ్చట, మూడు వారాలు పడుతుందట. ఆమని ఆటోలో నా భుజానికి ఆనుకుని, "ఎవర్నీ ఏడిపించనిది కదా అమ్మా ఇది?" అంది. ఆ ప్రశ్న మచ్చ పడకుండా తగ్గుతుందని ఏ డాక్టరూ చెప్పలేదు.

సాయంత్రం రోహిణి వచ్చింది. కూర్చోలేదు. వంటింట్లో స్టవ్ పక్కన నిలబడింది.

"రికార్డులన్నీ చూశాను వదినా. అది మండే సరుకు. ఒక్క గీత కూడా లేవలేదు. ఎందుకో అర్థం కావటం లేదు."

నేను గరిట పక్కన పెట్టాను. "రబ్బరు కాదు రోహిణీ."

"ఏంటి రబ్బరు కాదు?"

"జోకొట్టాను."

"దేనికి?"

"వాటికి. అన్నిటికీ. ఎనిమిది రోజులు."

కొంతసేపు ఆవిడ నన్ను ట్రేలో ముక్కని చూసినట్టు చూసింది. తర్వాత అరిచింది. అంతగా అరవగలదని నాకు తెలీదు. "నీకు ల్యాబ్ అంటే ఉయ్యాలా? నిన్ను నమ్మి లోపలికి రానిచ్చాను కదే వదినా! పిల్ల ముఖం చూడు! ఇంకెన్ని సరుకులు పాసయ్యాయో తెలుసా? పదకొండు!"

"తెలీదు," అన్నాను. అదీ నిజమే.

ఉన్నట్టుండి అరుపు ఆగిపోయింది. పక్కనున్న పీట మీద కూలబడింది.

"జోకొడితే... ఊరుకున్నాయా?"

"ఊరుకున్నాయి."

"మండే చుక్క పడినా?"

"పడినా."

పోపు మాడుతోంది. ఇద్దరం ఆర్పలేదు. నాకు అర్థమైనంతలో సంగతి ఇది. ఊరడిస్తే ఊరుకున్నాయంటే, అంతకుముందు వాటికి ఊరడించాల్సిన అవసరం ఉందన్నమాట. అప్పుడు కరుణముద్రలో కరుణ లేదు. కాదు, అవి వట్టి ముక్కలే, వదిన చెయ్యి తగిలి పరీక్ష చెడిందంతే అంటే, ముద్ర బతుకుతుంది. రోహిణి పదేళ్ళూ బతుకుతాయి. నేనొక్కదాన్నే పిచ్చిదాన్నవుతాను, దానివల్ల ఎవరికీ పెద్ద నష్టం లేదు.

"రెండోదే చెబుదాం," అన్నాను.

రోహిణి స్టవ్ ఆర్పింది. "పదకొండూ వెనక్కి తెప్పించేశాను, వచ్చేముందే. ఇక ముద్ర ఇచ్చే సంస్థకి ఉత్తరం రాయాలి. నువ్వు చూసింది నువ్వు చెప్పు. నేను చూసింది నేను చెబుతాను. ఏమవుతుందో..." అని ఆగి, "నాకు తెలీటం లేదు వదినా," అంది. ఆవిడ నోట ఆ మాట నెలలో రెండోసారి. పీహెచ్‌డీలో ఒక్కసారి కూడా అనలేదట.

సంస్థ నించి సత్యవేణిగారని ఒకావిడ వచ్చారు. నీటైన కాటన్ చీర, చేతిలో ఫారం. ఆమని కూడా వస్తానని పట్టుబట్టింది. ముఖానికి పల్చటి గుడ్డ కట్టుకుని మూల నిలబడింది.

మరచెయ్యి కదిలింది. గీతలు లేచాయి. నేను జోకొట్టాను. రెండు నెమ్మదిగా, ఒకటి ఆగి. గీతలు ఒక్కొక్కటే పడుకున్నాయి.

"నేను చూడొచ్చా?" అని సత్యవేణిగారు తొడుగేసుకుని జోకొట్టారు. గీతలు ఇంకా పైకి లేచాయి.

"కొత్త చెయ్యి కదండీ," అంది రోహిణి. "ఎనిమిది రోజులు ఆవిడ చేతికే అలవాటు పడ్డాయి."

"మీ పిల్లల్ని ఎలా జోకొట్టేవారు?" అన్నాను నేను ఆవిడకి సాయం చేద్దామని.

"మా ఆయా చూసుకునేది," అన్నారావిడ ఇబ్బందిగా. గీతలు దిగేదాకా మళ్ళీ నేనే జోకొట్టాను.

తర్వాత ఫారం నా ముందు పెట్టారు. చర్మానికి గాని, చర్మదాతకు గాని బాధ కలిగినదా? కింద రెండు గళ్ళు. అవును, కాదు.

"మూడో గడి లేదాండీ?"

"ఇంతవరకూ ఎవరూ అడగలేదమ్మా."

"నిజంగా నాకు తెలీదండీ. అవును అంటే అబద్ధం కావచ్చు. కాదు అంటే ఇంతకుముందు అదే చెప్పాను, మా అమ్మాయి నమ్మింది."

ఆమని గుడ్డ వెనక నించి చూస్తోంది. ఈసారి దాని ఎదురుగా తేలిగ్గా మాట వదలకూడదనుకున్నాను. రెండు గళ్ళూ వదిలేసి పక్కన రాశాను: 'తెలియదు. నెల దాటకముందే పని ఆపేస్తే సంతకం పెడతాను. పని అయిపోయిన ముక్కల్ని ఆవిరిపెట్టెలో వెయ్యకూడదు. వాటంతట అవి ఎండిపోయేదాకా ఉంచాలి. ఇదంతా డబ్బా మీద రాయాలి.' కింద సంతకం పెట్టాను. కాత్యాయని, బీఎస్సీ.

సత్యవేణిగారు అది రెండుసార్లు చదివి, పెన్ను అడిగి, కింద ఇంకో గీత గీసి మూడో గడి వేశారు.

సగం కంపెనీలు ముద్ర వదిలేసి మళ్ళీ చెవుల బొమ్మకి వెళ్ళిపోయాయి. రోహిణి ల్యాబ్‌లో సగం దీపాలు ఆర్పేశారు. మిగిలిన సీసాల మీద చిన్న అక్షరాల్లో కొత్త వాక్యం పడింది: 'దీనిని ఒకరి నుంచి పెంచిన చర్మంపై పరీక్షించాము. దానికి నొప్పి కలిగిందో లేదో మాకు ఇంకా తెలియదు.' నేను వారం రోజులు వెతికి దొరకబుచ్చుకోలేని నమ్మకమైన సమాచారం అది. దాన్ని చదివాక ఎవరికీ కొనాలో వద్దో తెలీటం లేదని షాపులవాళ్ళు అంటున్నారు.

ఆమని ముఖం మానింది. ఎడమ బుగ్గ మీద పల్చటి నీడ మిగిలింది. షాపులో ఆ సీసా పట్టుకుని చాలాసేపు నిలబడింది. కొనలేదు, అరలో వెనక్కీ పెట్టలేదు. చివరికి నా చేతికిచ్చి, "ఇంకోసారి చూద్దాంలే," అంది. ఇంటికొచ్చి శనగపిండితో ముఖం కడుక్కుంది.

నిన్న పొద్దున తొమ్మిదయింది. ఇప్పుడు ల్యాబ్‌లో నెల దాటినవాటి మీద ఏ చుక్కా పడదు. అయినా నా జబ్బ వెనక దురద పుట్టింది. నేను పోపులపెట్టె సర్దుతూ గోక్కుంటున్నాను. ఆమని కాలేజీ బ్యాగు భుజాన వేసుకుని వెనక నించి వచ్చింది. నా చెయ్యి తప్పించి, మచ్చ మీద తన వేళ్ళు పెట్టింది. రెండు నెమ్మదిగా, ఒకటి ఆగి.

దురద తగ్గింది. ఈ సంగతి రోహిణికి చెప్పలేదు. చెబితే నన్ను తెర పక్కన కూర్చోబెడుతుంది.